ఇంట్లో రేడియో రిపేరు బల్ల: 15 వేలలో ముందు ఏ మీటర్లు కొనాలి?

మూగమర్ఫీ (ఖమ్మం)

అందరికీ నమస్కారం. తాతయ్య అటక మీంచి మూడు రేడియోలు దిగాయి. ఒకటి మర్ఫీ వాల్వ్ సెట్టు. వెనక అట్ట తీస్తే ఈసీహెచ్ 81, ఈబీఎఫ్ 89, ఈఎల్ 84 కనబడ్డాయి, లోపల పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. రెండోది ఫిలిప్స్, అదీ వాల్వులదే కానీ దాంట్లో ట్రాన్స్‌ఫార్మరే లేదు. వాల్వుల మీద యూసీహెచ్ 81, యూఎల్ 84, యూవై 85 అని ఉంది. మూడోది 6 వోల్టుల ఫిలిప్స్ ట్రాన్సిస్టర్. మూడూ మూగవే.

నా దగ్గర 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, పసుపు రంగు చవక డిజిటల్ మీటరు (డీటీ 830) ఉన్నాయి. ఇంకో 15 వేలు పెట్టగలను. వీడియోల్లో ఎవరి బల్ల చూసినా ముందు ఆసిలోస్కోపే (సిగ్నల్‌ని తెర మీద గీతగా చూపేది) కనబడుతోంది. డబ్బంతా దానికే పెట్టేయమంటారా? వాల్వ్ సెట్లకి ఇంకా కరెంటు ఇవ్వలేదు.

సైన్‌వేవ్ (విశాఖపట్నం)

స్కోపుకే నా ఓటు. సెకండ్‌హ్యాండ్ 20 మెగాహెర్ట్జ్ డ్యూయల్ ట్రేస్ అనలాగ్ స్కోపు దొరికితే మీ మూడు సెట్లకీ సరిపోతుంది. ఐఎఫ్ (ఏ స్టేషనునైనా సెట్టు లోపల మార్చుకునే ఒకే ఫ్రీక్వెన్సీ) 455 కిలోహెర్ట్జ్, ఆ మార్పు కోసం సెట్టు లోపల ఆడే మీడియం వేవ్ ఆసిలేటరు సుమారు 985 నుంచి 2055 కిలోహెర్ట్జ్ దాకా తిరుగుతుంది. అదంతా తెర మీద కళ్లారా చూడొచ్చు.

అరచేతిలో పట్టే డీఎస్‌వో 138 కిట్టు మాత్రం వద్దు. దాని హద్దు 200 కిలోహెర్ట్జ్. ఆడియో చూపిస్తుంది, 455 దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేస్తుంది. రేడియోకి కావలసిందే అక్కడ మొదలవుతుంది.

వాల్వ్‌బాబాయ్ (తెనాలి)

సైన్‌వేవ్ బాబూ, కాస్త ఆగు. అబ్బాయి ఏం రాశాడో మళ్లీ చదువు. "దాంట్లో ట్రాన్స్‌ఫార్మరే లేదు" అన్నాడు. ఆ సెట్టుకి స్కోపు క్లిప్పు తగిలించాడనుకో, ఏమవుతుంది?

మూగమర్ఫీ, నువ్వు చెప్పిన రెండో ఫిలిప్స్ ఏసీ/డీసీ సెట్టు. 'యూ'తో మొదలయ్యే వాల్వుల హీటర్లన్నీ (లోపల వేడెక్కి వెలిగే తీగలు) 100 మిల్లీఆంప్స్‌వి, ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో ఉంటాయి. యూఎల్ 84 ఒక్కదానికే 45 వోల్టులు, యూవై 85కి 38. మిగతా వోల్టేజి డ్రాపర్ రెసిస్టరు మింగుతుంది. ఒక్క హీటరు తెగితే ఏ వాల్వూ వెలగదు, అది ఓమ్ మీటరుతో పట్టేయొచ్చు. అసలు ప్రమాదం ఛాసిస్‌లో, అంటే భాగాలు బిగించిన ఇనప పళ్లెంలో ఉంది. కరెంటు తీగల్లో ఒకటి నేరుగా ఛాసిస్‌కే వస్తుంది. రెండు పిన్నుల ప్లగ్గు కాబట్టి ఒకవైపు పెడితే ఛాసిస్ మీద న్యూట్రల్, తిప్పి పెడితే ఫేజు. నాబ్ ఊడిపోయి ఇనప కడ్డీ బయటికి వచ్చిందా, దాన్ని ముట్టుకోవడమూ ఫేజు తీగ పట్టుకోవడమూ ఒకటే. స్కోపు క్లిప్పు లోపల్లోపల ఎర్తింగ్‌కి కలిసి ఉంటుంది. దాన్ని ఫేజున్న ఛాసిస్‌కి తగిలిస్తే ప్రోబు కాలుతుంది, అదృష్టం బాగుంటే ఫ్యూజు పోతుంది.

అందుకని నీ మొదటి సామాను ఇది. ఒకటి, సిరీస్ బోర్డు, అంటే రేడియోకి వెళ్లే కరెంటుని బల్బు గుండా పంపేది. బల్బు హోల్డరు, సాకెట్టు, స్విచ్చు, ఒక చెక్క. 100 వాట్ల ఫిలమెంటు బల్బే ఉండాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. పాత బల్బులు ఇప్పుడు అరుదు, కనబడినప్పుడు 60దీ 100దీ రెండేసి కొనిపెట్టుకో. రెండు, ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు, అంటే గోడ కరెంటుతో తీగ నేరుగా కలవకుండా విడదీసేది, 230కి 230. నీ సెట్లకి 100 నుంచి 150 వీఏ చాలు. ఈ రెండూ లేకుండా వాల్వ్ సెట్టుకి ప్లగ్గు పెట్టకు.

మర్ఫీని సిరీస్ బోర్డులో పెట్టినప్పుడు బల్బు ముందు భగ్గుమని తర్వాత మెల్లగా తగ్గితే మంచిదే, హీటర్లు వేడెక్కుతున్నాయి. భగ్గుమన్నది అలాగే నిలిచిపోతే వెంటనే ఆపెయ్. మెయిన్ ఫిల్టర్ కండెన్సరో (కెపాసిటరు), ట్రాన్స్‌ఫార్మరో షార్టు.

మూగమర్ఫీ

బాబాయ్ గారూ, ఒళ్లు జలదరించింది. మా ఎదురింటి ఎలక్ట్రీషియన్ దగ్గర పాత డిమ్మర్‌స్టాట్ ఉంది, ఊరికే ఇస్తానన్నాడు. దాంతో వోల్టేజి మెల్లగా పెంచుకోవచ్చు కదా, ఐసొలేషన్ పని కూడా అయిపోతుందా?

వాల్వ్‌బాబాయ్

అవ్వదు. దాంట్లో ఒకే చుట్ట, మీద బ్రష్షు తిరుగుతుంది. 40 వోల్టులకి తిప్పినా ఒక తీగ కరెంటుతో నేరుగా కలిసే ఉంటుంది. ఇస్తే తెచ్చుకో, పనికొస్తుంది. గోడ సాకెట్టు నుంచి ముందు ఐసొలేషన్, దాని తర్వాత డిమ్మర్‌స్టాట్, ఆ తర్వాత రేడియో.

కోఠీ_కెపాసిటర్ (హైదరాబాద్)

అన్నా, కొత్త ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనుడు దండగ. గుజరాతీ గల్లీల 12-0-12, 5 ఆంప్స్ ట్రాన్స్‌ఫార్మర్లు ఒక్క తీరువి రెండు తీస్కో. రెండింటి 24 వోల్టుల దిక్కు ఒకదానికొకటి కలుపు, సెంటర్ ట్యాపు వదిలెయ్. ఒకదాని 230 గోడకి, రెండోదాని 230 రేడియోకి. 120 వీఏ దాకా వస్తది. రెండు సార్లు లాస్ అయితది కాబట్టి అవుట్‌పుట్ 230 కంటే తక్కువనే ఉంటది. పాత సెట్లకి అది ఇంకా మంచిది, ఇప్పటి లైన్ వోల్టేజి వాటికి ఎట్లాగూ ఎక్కువే.

గానీ ఒకటి యాది పెట్టుకో. ఐసొలేషన్ అవతల మీ ఇంట్ల ఆర్‌సీసీబీ (షాక్ కొడితే కరెంటు కట్ చేసేది) పని చెయ్యదు. రెండు తీగలు రెండు చేతులతోని పట్టుకుంటే కాపాడేటోడు ఎవడూ ఉండడు. ఎడమ చెయ్యి జేబుల పెట్టుకొని కొలువు.

ట్రిమ్మర్‌పిన్ని (రాజమండ్రి)

భద్రత సంగతి బాబాయ్ గారు చెప్పేశారు, నేను మీటర్ల దగ్గరికి వస్తాను. మీ పసుపు మీటరు పారేయక్కర్లేదు, కానీ దాన్నే నమ్ముకుంటే దారి తప్పిస్తుంది. డీటీ 830 ఇన్‌పుట్ రెసిస్టెన్సు 1 మెగఓమ్; అది ఎంత తక్కువైతే మీటరు తాను కొలిచే వోల్టేజిని అంత కిందికి లాగుతుంది. మంచి డిజిటల్ మీటర్లది 10 మెగఓమ్. మన మెకానిక్కుల అనలాగ్ మీటరు, వోల్టుకి 20 కిలోఓమ్ రకం, 10 వోల్టుల రేంజిలో 200 కిలోఓమ్ మాత్రమే.

వాల్వ్ సెట్టులో ఏవీసీ లైను (స్టేషను బలాన్ని బట్టి గెయిన్ తగ్గించేది) తీసుకోండి. స్టేషను గట్టిగా తగిలినప్పుడు అక్కడ మైనస్ 6 వోల్టులు ఉన్నాయి, మధ్యలో 1 మెగఓమ్ రెసిస్టరు ఉంది అనుకుందాం. అనలాగ్ మీటరు పెడితే ముల్లు 1 వోల్టు దగ్గర ఆగుతుంది. మీ పసుపు మీటరు 3 అంటుంది. 10 మెగఓమ్ మీటరు దాదాపు ఐదున్నర చూపిస్తుంది. మూడు మీటర్లూ బాగానే ఉన్నాయి, సెట్టూ బాగానే ఉంది. చూసేవాళ్లు మాత్రం ఏవీసీ పోయిందని రెసిస్టర్లన్నీ పీకుతారు.

ఇక్కడ ఇంకో మెలిక. పాత సర్వీసు షీట్లలో వోల్టేజీలు చాలావాటిలో 20 కిలోఓమ్ మీటరుతో తీసినవే, ఆ మాట కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. అంటే షీటులో అంకె తక్కువగా ఉండి మీ కొత్త మీటరు ఎక్కువ చూపిస్తే కంగారు పడకూడదు.

అందుకే రెండూ పెట్టుకోండి. 600 వోల్టుల క్యాట్ 3 (భద్రతా గుర్తు) అని రాసున్న 10 మెగఓమ్ డిజిటల్ ఒకటి, దాని ప్రోబు తీగలు మెత్తగా, మందంగా ఉండాలి. సాన్వా వైఎక్స్ 360 తరహా ముల్లు మీటరు ఒకటి. అలైన్‌మెంటు (ఐఎఫ్ చుట్టల్ని సరైన ఫ్రీక్వెన్సీకి తేవడం) చేసేటప్పుడు స్పీకరు మీద ఏసీ రేంజిలో ముల్లు మీటరు పెట్టి చుట్ట లోపలి కోర్ తిప్పుతుంటే, ముల్లు ఎక్కడిదాకా ఎక్కి ఎక్కడ దిగుతోందో కళ్లకి కనబడుతుంది. డిజిటల్‌లో అంకెలు గంతులేస్తాయి, పీక్ దాటిపోయాక తెలుస్తుంది.

సైన్‌వేవ్

పిన్నిగారి ఏవీసీ లెక్క కాదనను. బాబాయ్ గారి హెచ్చరికా తలకెక్కింది, కాకపోతే అది స్కోపు తప్పు కాదు. ఐసొలేషన్ రేడియోకి పెట్టాలి, స్కోపుకి కాదు. స్కోపు ఎర్తు పిన్ను విరగ్గొట్టి "ఫ్లోటింగ్" చేసేవాళ్లని చూశాను, అప్పుడు స్కోపు బాడీయే ఫేజు అవుతుంది. ఆ పని చెయ్యకండి.

స్కోపు కొన్నాక ప్రోబు ఎప్పుడూ 10ఎక్స్‌లోనే (సిగ్నల్‌ని పదో వంతు చేసే స్థానం) ఉంచండి. 1ఎక్స్‌లో కేబులుతో కలిపి దాదాపు 100 పికోఫారడ్లు సర్క్యూట్ మీద పడతాయి. ఐఎఫ్‌టీ (ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మరు) ట్యూనింగు పక్కకి జరిగిపోతుంది, చిన్న ఆసిలేటరైతే ఆగే పోతుంది. 10ఎక్స్‌లో ఆ బరువు పది పదిహేనే.

కోఠీ_కెపాసిటర్

స్కోపు వచ్చేదాక ఖాళీగ కూసుంటవా? ఇంజెక్టర్ చేస్కో, సర్క్యూట్ల కూత ఎక్కించి అది యాడ ఆగిందో చూసేది. రెండు బీసీ 547, కలెక్టర్లకి 2.2 కిలోఓమ్ రెండు, బేసులకి 68 కిలోఓమ్ రెండు, అడ్డంగ 0.01 కండెన్సర్లు రెండు, 3 వోల్టులు. మల్టీవైబ్రేటర్. దగ్గరదగ్గర 1 కిలోహెర్ట్జ్ వస్తది. అది స్క్వేర్ వేవ్ కాబట్టి దాని హార్మోనిక్స్ (రెట్ల ఫ్రీక్వెన్సీలు) మెగాహెర్ట్జ్ దాక పాకుతయి, ఐఎఫ్‌ల పెట్టినా కూత వినిపిస్తది.

వాల్యూమ్ కంట్రోల్ నడిమి కాలు మీద పెట్టు. స్పీకర్ల "కుయ్యి" అంటే ఆడియో మంచిగుంది, లోపం ఏరియల్ దిక్కు ఉంది. అనకపోతే స్పీకర్ దిక్కు ఉంది. సగం రేడియో పక్కకి పోయింది, ఇట్లనే లోపం ఉన్న దిక్కు ఒక్కో స్టేజి పో. వాల్వ్ సెట్లకి మాత్రం ప్రోబు మొనకి 0.01, 630 వోల్టుల కండెన్సర్ పెట్టకుండ తాకించకు, ట్రాన్సిస్టర్లు పేలాలె అయితయి.

డాలస్_డయోడ్ (టెక్సస్)

మా దగ్గర హామ్‌ఫెస్టుల్లో (హామ్ రేడియో వాళ్ల సంతల్లో) అలైన్‌మెంటుకి కావలసిన ఫ్రీక్వెన్సీ ఇచ్చే పాత సిగ్నల్ జనరేటర్లు బాగానే కనబడతాయి. ఇండియా వచ్చేటప్పుడు తెచ్చుకుందామనుకునేవాళ్లు వెనక ప్లేటు చూడండి. చాలావాటికి 120 వోల్టులు మాత్రమే ఉంటుంది, స్టెప్‌డౌన్ లేకుండా ఖమ్మంలో పెడితే పొగే.

నేను వాడేది టైనీ ఎస్ఏ. అసలు పని స్పెక్ట్రమ్ చూపించడం, జనరేటరుగా తిప్పితే 100 కిలోహెర్ట్జ్ నుంచి 350 మెగాహెర్ట్జ్ దాకా సైన్ వేవ్ ఇస్తుంది, ఏఎం మాడ్యులేషనుతో సహా. 455 కీ, ఎఫ్ఎం 10.7 మెగాహెర్ట్జ్‌కీ ఒకటే డబ్బా. కానీ సున్నితం, వాల్వ్ ప్లేటు దగ్గరికి నేరుగా తీసుకెళ్తే అక్కడితో సరి.

ట్రిమ్మర్‌పిన్ని

> 455 కీ, ఎఫ్ఎం 10.7కీ ఒకటే డబ్బా

నిజమే, కానీ మూగమర్ఫీ గారి మూడు సెట్లలో ఎఫ్ఎం లేదుగా. ఏడీ 9833 అనే ఫ్రీక్వెన్సీ పుట్టించే మాడ్యూలూ చిన్న మైక్రోకంట్రోలరూ కలిపితే 455 కచ్చితంగా వస్తుంది, క్రిస్టల్ మీద నడుస్తుంది కాబట్టి జారదు. లీడర్ ఎల్‌ఎస్‌జి 17 లాంటి పాత జనరేటర్లు వేడెక్కేకొద్దీ జారుతూ ఉంటాయి, డయల్ మీద 455 అంటే 460 కూడా కావచ్చు. అవి కొంటే పక్కన ఫ్రీక్వెన్సీ కౌంటరు పెట్టుకోవాలి.

జనరేటరు ఏదైనా చూడవలసింది ఎంత ఇవ్వగలదని కాదు, ఎంత తక్కువ ఇవ్వగలదని. ఏడీ 9833 అవుట్‌పుట్ అర వోల్టు పైన ఉంటుంది. అది తీసుకెళ్లి కన్వర్టరు (సెట్టులో మొదటి ట్రాన్సిస్టరు) బేసులో పోస్తే ఏజీసీ (ఇందాకటి ఏవీసీయే) గట్టిగా బిగుసుకుంటుంది, కోర్ ఎటు తిప్పినా అవుట్‌పుట్ కదలదు, "ఐఎఫ్‌టీ పోయింది" అనుకుంటారు. 20 డెసిబెల్స్ అటెన్యుయేటర్లు మూడు వరసగా పెడితే వెయ్యో వంతు అవుతుంది. అలా తగ్గించి, 0.01 కండెన్సరు గుండా, స్పీకర్లో కూత బలహీనంగా వినబడేంత మాత్రమే ఇవ్వాలి. ఇనప స్క్రూడ్రైవరు కోర్‌లో పెట్టకండి. తియ్యగానే ట్యూనింగు మారుతుంది, ఫెర్రైటు చిట్లితే ఆ ఐఎఫ్‌టీ మళ్లీ దొరకదు. ప్లాస్టిక్ ఊలు సూది మొన చెక్కుకుంటే చాలు.

మూగమర్ఫీ

సిరీస్ బోర్డు అయింది, ఇంజెక్టరూ అయింది. కోఠీ అన్నా, రెండు ట్రాన్స్‌ఫార్మర్లకి ఆర్డరిచ్చాను. అవి వచ్చేలోపు ట్రాన్సిస్టర్ సెట్టు ముందేసుకున్నాను. 6 వోల్టులకి ఖర్చు 12 మిల్లీఆంప్స్. వాల్యూమ్ దగ్గర ఇంజెక్టరు పెడితే కుయ్యిమంది. మొదటి ఐఎఫ్‌టీ దగ్గరా కుయ్యిమంది. స్పీకర్లో బుస వస్తోంది కానీ రాత్రి ఎనిమిదింటికి డయలంతా తిప్పినా ఒక్క స్టేషనూ లేదు. ఇప్పుడు స్కోపు కావాలేమో!

వాల్వ్‌బాబాయ్

అక్కర్లేదు, పక్కింట్లో నడిచే రేడియో అడిగి తెచ్చుకో. ఐఎఫ్ నుంచి స్పీకరు దాకా బాగుంది కాబట్టి అనుమానం ఆసిలేటరు మీద. నీ సెట్టు డయల్ 837 దగ్గర, అంటే విజయవాడ చోట పెట్టు. ఆసిలేటరు ఆడుతుంటే 837కి 455 కలిపి 1292లో ఉండాలి. మంచి రేడియోని 1292 దగ్గర పెట్టి రెండింటినీ ఆనించి, నీ సెట్టు డయల్ అటూ ఇటూ మెల్లగా తిప్పు. ఒక చోట మంచి రేడియోలో బుస చప్పున అణగాలి, అక్కడ ఏదైనా స్టేషను ఉంటే ఈల వేస్తుంది. ఎక్కడా ఏమీ జరక్కపోతే ఆసిలేటరు చచ్చింది. సర్వీసు షీటు లేని రోజుల్లో షాపులో ఇదే మా స్కోపు.

ఆ మొదటి ట్రాన్సిస్టరు నెంబరు చూసి చెప్పు.

మూగమర్ఫీ

బుస అణగలేదు, ఈలా లేదు. డయల్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పాను. ట్రాన్సిస్టరు ఏఎఫ్ 117. నాలుగు కాళ్లున్నాయి, నాలుగోది దేనికో అర్థం కాలేదు.

సైన్‌వేవ్

ఏఎఫ్ 117 అనగానే తొంభై శాతం తేలిపోయింది. నాలుగో కాలు స్క్రీన్, పైన ఉన్న లోహపు డబ్బాకి కలిసి, సర్క్యూట్లో గ్రౌండుకి వెళుతుంది. ఏఎఫ్ 114 నుంచి 117 దాకా ఈ కుటుంబమంతటికీ ఒకటే జబ్బు. డబ్బా లోపల తగరం పూతలోంచి ఏళ్ల తరబడి కంటికి ఆనని సన్నటి మీసాలు మొలుస్తాయి, అవి లోపలి కాళ్లని తాకి డబ్బాకి షార్టు చేస్తాయి. వాడకుండా అటక మీద పెట్టినా మొలుస్తూనే ఉంటాయి.

సెట్టు ఆపి, స్క్రీన్ కాలు బోర్డు నుంచి లేపి, దానికీ మిగతా మూడు కాళ్లకీ మధ్య ఓమ్స్ కొలవండి. అన్నీ ఓపెన్ చూపించాలి. ఏ ఒక్క కాలు షార్టు చూపించినా ఆ స్క్రీన్ కాలు అలాగే గాల్లో వదిలేసి సెట్టు వేసి చూడండి.

మూగమర్ఫీ

కలెక్టరుకీ స్క్రీన్‌కీ మధ్య 8 ఓమ్స్! మిగతా రెండూ ఓపెన్. స్క్రీన్ కాలు లేపి వదిలేశాను. హిందీ, తమిళం, ఇంకేదో భాష, వరసపెట్టి వస్తున్నాయి. అమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడిపోయింది.

ఖర్చు పెట్టింది ఇంజెక్టరు సామానుకే. ఇప్పుడు కెపాసిటర్ టెస్టరు గురించి చెప్పండి. ఎల్‌సీఆర్ టీ 4 అని చిన్న బోర్డు చూశాను, ట్రాన్సిస్టర్లు, కెపాసిటర్లు అన్నీ చూస్తుందట. మర్ఫీకి పనికొస్తుందా?

ట్రిమ్మర్‌పిన్ని

కొనండి, ధర తక్కువ, ఎలక్ట్రోలిటిక్స్ ఈఎస్ఆర్ (లోపలి రెసిస్టెన్సు) కూడా చూపిస్తుంది. కెపాసిటరుని డిస్‌ఛార్జి చేశాకే పెట్టండి, లేకపోతే ఒకే దెబ్బకి బోర్డు పోతుంది. జెర్మేనియం ట్రాన్సిస్టర్ల గెయిన్ మాత్రం అది చెప్పింది నమ్మకండి, లీకేజీ కరెంటుని కూడా గెయిన్ లెక్కలో వేసేస్తుంది.

మర్ఫీ పేపరు కండెన్సర్ల విషయంలో అది సాయం చెయ్యదు. కొద్ది వోల్టులతో కొలిచి "బాగుంది" అంటుంది, అదే కండెన్సరు 200 వోల్టుల దగ్గర కారిపోతూ ఉంటుంది. దానికి మీ 10 మెగఓమ్ మీటరే టెస్టరు. ఈఎల్ 84 గ్రిడ్డు మీద డీసీ వోల్టులు చూడండి. సున్నా ఉండాలి. ప్లస్ 1 కనబడినా వాల్వు ఎర్రబడి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలే దారిలో ఉన్నట్టే. ఇదంతా ఎందుకంటారా, గ్రిడ్డుకి వెళ్లే ఆ ఒక్క కప్లింగ్ కండెన్సరు కొలవకుండానే మార్చేయండి.

వాల్వ్‌బాబాయ్

పిన్నిగారి మాటకి తోడు, ఆపాక ఫిల్టర్ కండెన్సర్లని స్క్రూడ్రైవరుతో షార్టు చెయ్యకు. 10 కిలోఓమ్, 5 వాట్ల రెసిస్టరు పట్టి, మీటరులో సున్నా చూశాకే చెయ్యి పెట్టు.

కోఠీ_కెపాసిటర్

తమ్మీ, పైసలు మిగిలినయి గదా, ఇగ స్కోపుకి పోదాం. ఐతారం ఎర్రగడ్డ మార్కెట్‌కి రా. పోయేటప్పుడు ఎక్స్‌టెన్షన్ బోర్డు పట్కరా, కరెంటు ఇచ్చి చూపియ్యనోని దగ్గర కొనకు. గీత సన్నగ, పదునుగ రావాలె. స్కోపు ముందట క్యాలిబ్రేషన్ పిన్ను ఉంటది, 1 కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ ఇస్తది. రెండు చానెళ్లల్ల అది పెట్టి చూడు. టైమ్ స్విచ్చు అన్ని గాట్లల్ల తిప్పు, గీత మాయమైతే ఆ స్విచ్చు సంగతి తెలిసిపోతది. పావుగంట ఆన్‌ల పెట్టి ఛాయ్ తాగి రా, గీత పైకో కిందకో జారిందా చూడు. "ఇంట్ల పెడితే మంచిగైతది" అంటడు, నమ్మకు.

మూగమర్ఫీ

వస్తాను అన్నా. ముల్లు మీటరూ డిజిటలూ ఈలోపు తెప్పిస్తాను, ఏడీ 9833 కూడా. బెంచి సప్లై 0–30 వోల్టులది ఒకటి చూశాను, ఎస్ఎంపీఎస్ (స్విచింగ్) రకం. ట్రాన్సిస్టర్ సెట్లకి సరేనా?

సైన్‌వేవ్

ఎస్ఎంపీఎస్ వద్దు, మీడియం వేవ్ నిండా దాని గోలే వినబడుతుంది. లీనియర్ తీసుకోండి, 1 ఆంపు చాలు. కరెంటు లిమిట్ నాబ్ ఉండి తీరాలి. 6 వోల్టుల సెట్టుకి ముందు 50 మిల్లీఆంప్స్ దగ్గర పెట్టి ఆన్ చెయ్యండి. బల్ల మీద ఎల్‌ఈడీ లైటు ఉంటే అదీ ఒకసారి ఆపి చూడండి, సగం బుస దానిదే కావచ్చు.